ఏడు ఆశ్చర్యార్థకాలు

అమ్మాయ్,

నువ్వు ఇంగ్లీషులో రాసిన కథ చేరింది. మొదటి రెండు పేజీలు చదివి పక్కన పెట్టేశాను. కోపంతోనే పెట్టేశాను, దాచడం దేనికి. మొదటి పేజీలోనే పద్నాలుగు ఆశ్చర్యార్థకాలున్నాయి, పెన్సిల్‌తో సున్నాలు చుట్టి మరీ లెక్కపెట్టాను. సాయంత్రం చాయ్ పెట్టుకుని, ఏదో నాలుగు ముక్కలు మర్యాదగా రాసి పంపేద్దామని మళ్లీ తీస్తే మూడో పేజీ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్లు కుట్టే షాపు నుంచి ఉప్పల్ వచ్చే బస్సులో, ఆడవాళ్ల ఉచిత ప్రయాణానికి కండక్టర్ చింపి ఇచ్చిన జీరో టికెట్లు, అక్షరాలు చెరిగిపోయి తెల్లబడినవి కూడా, నీ కథలో తల్లి ఒక్కటి పారేయకుండా బోర్న్‌వీటా డబ్బాలో దాచుకోవడం. చాయ్ చల్లారిపోయింది. మళ్లీ వేడి చేసుకోలేదు.

మెచ్చుకోవడం ఇంతటితో సరి. ఇప్పుడు ఆ చోటును నువ్వు ఎలా రాశావో చూడు. నీ ఇంగ్లీషును తెలుగు అక్షరాల్లోనే దింపుతున్నాను, ఫోన్‌లో కీబోర్డు మార్చడం నాకు బద్ధకం.

"షీ కెప్ట్ ఆల్ ద జీరో టికెట్స్ ఇన్ ఎ బోర్న్‌వీటా డబ్బా, ఐ ఆస్క్‌డ్ హర్ వై ఆర్ యూ కీపింగ్ దిస్?, షీ సెడ్ దే గేవ్ టు మీ నో...!!!"

మూడు చుక్కలు, వాటి పక్కన మూడు ఆశ్చర్యాలు. మధ్యలో ప్రశ్నార్థకం, దాని తోక పట్టుకుని వేలాడే కామా. దీపావళి మర్నాడు వాకిలి ఇలాగే ఉంటుంది, ఏది పేలిందో ఏది తుస్సుమందో తెలియదు. నీ ఉత్తరంలో ఆరు ప్రశ్నలున్నాయి, ఏ పత్రికకి పంపాలి, ఇంగ్లీషులో రాయనా తెలుగులో రాయనా, కథ ఎంత ఉండాలి, ఇంకా ఏవో. నేను మాత్రం ఈ ఒక్క వాక్యం గురించే మాట్లాడతాను, నాకు ఇవాళ వేరేదేమీ తోచడం లేదు.

అసలు ఒక్క వాక్యం అన్నాను గానీ, అవి ఎన్ని వాక్యాలో నీకు తెలుసా? మూడు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కామా పెట్టి అతికించావు. ఇంగ్లీషు వాళ్లు దీన్ని కామా స్ప్లైస్ అని తిడతారు. నువ్వెందుకు అలా చేశావో నాకు తెలుసు, నేనూ పదేళ్లు అదే చేశాను. మా హైస్కూల్లో ఇంగ్లీషు సారు బల్ల మీద వేలితో కొట్టి చెప్పేవాడు: కామాకి ఒకటి లెక్కపెట్టు, సెమీకోలన్‌కి రెండు, కోలన్‌కి మూడు, ఫుల్‌స్టాప్‌కి నాలుగు. క్లాసంతా ఆ లెక్కతో చదివేవాళ్లం. రాసేటప్పుడు దాన్నే తిరగేసి, ఎక్కడ ఊపిరి ఆడకపోతే అక్కడ కామా పెట్టేవాళ్లం. మా వెనక బెంచీలో ఆయాసం ఉన్నవాడొకడు ఉండేవాడు, వాడి కాంపోజిషన్ నిండా కామాలే.

పాపం సారు తప్పేమీ లేదు. పెద్దయ్యాక ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు తిరగేస్తూ తెలుసుకున్నాను, 1795లో లిండ్లీ మర్రే అనే ఆయన రాసిన వ్యాకరణంలో ఇంతకన్నా అన్యాయంగా ఉంది. కామాకి రెట్టింపు సెమీకోలన్, దానికి రెట్టింపు కోలన్, దానికి రెట్టింపు ఫుల్‌స్టాప్. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. ఎనిమిది లెక్కపెట్టేలోపు వినేవాడు లేచి వెళ్లిపోడూ! (చూశావా, ఇది పెట్టదగిన చోటు.) ఇంకా వెనక్కి పోతే క్రీస్తుకు పూర్వమే అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో బైజాంటియం అరిస్టోఫనీస్ అనే పండితుడు అక్షరం పక్కన పైన ఒక చుక్క, మధ్యలో ఒక చుక్క, కింద ఒక చుక్క పెట్టే పద్ధతి తెచ్చాడు, ఎక్కడ ఎంత ఆగాలో తెలియడానికి. అది బిగ్గరగా చదివేవాళ్ల కాలం. నీ కథను బస్సులో నిలబడి ఫోన్‌లో చదివేవాడికి నీ ఊపిరితో పని లేదు.

మనల్ని ముంచింది ఆ పేరే. విరామ చిహ్నాలు అన్నారు. విరామం అనగానే ఆగడం అనుకుంటాం. నన్నడిగితే వాటిని హద్దురాళ్లు అనాలి. బోడుప్పల్ వైపు ప్లాట్లు చూడ్డానికి పోతే తెలుస్తుంది, తెల్ల రంగేసిన రాయి పాతి ఉంటుంది, నువ్వు అక్కడ ఆగినా ఆగకపోయినా దానికి సంబంధం లేదు, ఇక్కడితో ఈయన జాగా అయిపోయింది, అవతలిది వేరే వాళ్లది, అంతే. ఫుల్‌స్టాప్ చేసే పని అదే. ఈ మాట నేను నలభై ఏళ్లుగా చెప్తున్నాను, మా ఇంట్లో వాళ్లు కూడా వినడం మానేశారు.

మనకు ఈ తిప్పలు ఎందుకొచ్చాయంటే తెలుగులో హద్దు మాట చివరే ఉంటుంది. "పొద్దున్నే లేచి, నీళ్లు పట్టి, టిఫిన్ కట్టుకుని, బస్సెక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగింది." ఇందులో సమాపక క్రియ ఒక్కటే, దిగింది. లేచి, పట్టి, కట్టుకుని, ఎక్కి, ఇవన్నీ అసమాపకాలు, మాట తెగలేదని అవే చెప్పుకుంటాయి. కామాలు తీసెయ్, ఏమీ కాదు. తాళపత్రాల మీద మనవాళ్లు పదాల మధ్య ఖాళీ కూడా ఇవ్వకుండా గంటంతో గీసుకుంటూ పోయారు, పద్యానికి ఒక నిలువు గీతో రెండు గీతలో తప్ప. కామా, ఫుల్‌స్టాప్ మనకు ఇంగ్లీషు అచ్చుతోపాటు వచ్చిన చుట్టాలు. ఇప్పుడు అదే వాక్యాన్ని నువ్వు ఇంగ్లీషులో రాస్తే "షీ గాట్ అప్, షీ ఫిల్డ్ వాటర్, షీ ప్యాక్డ్ టిఫిన్, షీ బోర్డెడ్ ద బస్" అని వస్తుంది. ఎందుకంటే నీ తల్లో ఉన్నది "లేచి, పట్టి, కట్టుకుని". కానీ కాగితం మీద పడ్డవి నాలుగు సమాపక క్రియలు, వాటికి నాలుగు కర్తలు, అంటే నాలుగు ఇళ్లు. నాలుగు ఇళ్లకి మధ్య గోడ కట్టకుండా చీర అడ్డం కట్టావు. ఒక్క షీ ఉంచి మిగతావి తీసేసి, చివరి దాని ముందు అండ్ పెడితే ఒకే ఇల్లు అవుతుంది. లేదూ విడివిడిగా ఉంచాలనుకుంటే ఫుల్‌స్టాప్.

ప్రశ్న సంగతీ అంతే. "ఎందుకు దాస్తున్నావని అడిగాను." తెలుగులో "అని" అన్న మాట ఉందే, అదే మన కొటేషన్ గుర్తు. ఇంకొకళ్ల మాటను మూటకట్టి తెచ్చి ముడేస్తుంది. వచ్చాడు, వచ్చాడా. దీర్ఘం తీస్తే ప్రశ్న అయిపోయింది, ప్రశ్నార్థకం అలంకారమే. ఇంగ్లీషుకి ఆ ముడీ లేదు, ఆ దీర్ఘమూ లేదు. అందుకని మాటల వరస మారుస్తుంది. నేరుగా అడిగితే "వై ఆర్ యూ కీపింగ్ దెమ్" అని క్రియ ముందుకు దూకుతుంది, చివర ప్రశ్నార్థకం ఉంటుంది. అడిగానని చెప్తే "ఐ ఆస్క్‌డ్ హర్ వై షీ వాజ్ కీపింగ్ దెమ్" అని మళ్లీ వెనక్కి పోయి కూర్చుంటుంది, అక్కడ నువ్వు ఏమీ అడగడం లేదు, అడిగిన సంగతి చెప్తున్నావు, కనక ఫుల్‌స్టాప్. నువ్వు ముందు సగం ఒక పద్ధతిలో, వెనక సగం ఇంకో పద్ధతిలో రాశావు. మన హైదరాబాద్‌లో సగం ఆఫీసు మెయిళ్లు ఇలాగే ఉంటాయి, అమీర్‌పేటలో మూడు నెలల స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు చేసి వచ్చినవాళ్లూ ఇలాగే రాస్తారు, నీ ఒక్కదాని తప్పనుకోకు.

ఇంకోటి. అయిదో పేజీలో "మై అంకుల్, హూ డ్రైవ్స్ ఆన్ ఆటో, కేమ్ టు అవర్ హౌస్" అన్నావు. అటొక కామా, ఇటొక కామా. సరే, ఒక్కడే మామ అనుకున్నాను. ఎనిమిదో పేజీలో ఇంకో మామ వచ్చాడు, ఆయన వరంగల్‌లో టీచరు. తల్లీ, ఆ రెండు కామాలు పెడితే నీకున్నది ఒకే మామ, ఆటో నడపడం ఊరికే అదనంగా చెప్పిన ముక్క అని అర్థం. తీసేస్తే, ఉన్న మామల్లో ఆటో నడిపే ఆయన అని. రెండో మామ ప్రాణం రెండు కామాల్లో ఉంది. తెలుగులో "ఆటో నడిపే మా మామ" అంటే ఎంతమంది మామలున్నా చెల్లిపోతుంది, మన భాష ఈ లెక్క అడగదు, అందుకే మనకి అక్కడ చెయ్యి తడబడుతుంది. కామాకి అంత సీనుందా అంటావేమో. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో పాలు మోసే డ్రైవర్లు ఓవర్‌టైం కోసం కోర్టుకెక్కితే, చట్టంలో ఒక జాబితా చివర "ఆర్" ముందు కామా లేకపోవడం మీద కేసు నడిచి, 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపు చెప్పింది, మరుసటి ఏడాది 50 లక్షల డాలర్లకి రాజీ అయ్యారు. ఒక్క కామా!

ఇఫ్, వెన్, బికాజ్‌లతో వచ్చే ముక్క ముందుంటే దాని తర్వాత కామా, వెనక ఉంటే సాధారణంగా అక్కర్లేదు. "బస్సొస్తే పోతుంది" అని మనం ఎప్పుడూ షరతు ముందే పెడతాం కనక ఇంగ్లీషులో వెనక పెట్టినప్పుడు కూడా కామా చెయ్యి జారిపోతుంది. "షీ విల్ గో ఇఫ్ ద బస్ కమ్స్", మధ్యలో ఏమీ లేదు. నీ కథలో ఇది తొమ్మిది చోట్ల ఉంది, దిద్దుకో. సెమీకోలన్ ఎప్పుడు వాడాలని అడిగావు. అది 1490ల్లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అచ్చుకూటంలో పుట్టి ఇప్పటిదాకా బతికింది, ఇంకో రెండేళ్లు నువ్వు ముట్టుకోకపోయినా చావదు.

ఇక ఆశ్చర్యార్థకాలు. ఇక్కడ నాకు సొంత గాయం ఉంది కాబట్టి కాస్త ఓపిక పట్టు.

1979లో, నాకు ఇరవై రెండేళ్లు, గౌలిగూడలో ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ని. చేత్తో అక్షరాలు పేర్చే ప్రెస్సు. తెలుగు కేసులంటే, అంటే అచ్చు అక్షరాలు వేసుకునే అరల పెట్టెలు, ఇంగ్లీషు వాళ్లలా ఒకటి రెండింటితో పోయేది కాదు, గుణింతాలు, వత్తులు, గోడ పొడవునా అరలే. ఆ ప్రెస్సులోనే అచ్చయ్యే చిన్న పత్రికకి నేనొక కథ ఇచ్చాను. గొప్ప ఆవేశం. రెండో రోజు పొద్దున కంపోజిటర్ సిరా చేతులతో నా బల్ల దగ్గరికొచ్చి, "సారూ, ఆశ్చర్యాలు ఒడిసినయ్" అన్నాడు. నాకర్థం కాలేదు. "మీ కతల ముప్పై ఒకటున్నయ్. డబ్బాల ఏడున్నయ్. మిగిల్నయన్నీ సినిమా కరపత్రం ఫారంల బిగిచ్చినం. ఏడు ఏడ గావాల్నో గీత గొట్టియ్యుండ్రి." నేడే చూడండి అన్న దానికి ఒకటి సరిపోదని మూడేసి పెట్టించుకున్నారట వాళ్లు.

గ్యాలీ ప్రూఫు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ముప్పై ఒకటిలో ఏడు. మొదట కోపమొచ్చింది, వేరే ప్రెస్సు నుంచి అప్పు తెమ్మన్నాను, ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఒక్కోటీ చూసుకుంటూ పోయాను. "అమ్మ చచ్చిపోయింది!" దీనికి కావాలా? అమ్మ చచ్చిపోవడమే చాలదా? కొట్టేశాను. "ఎంత అందంగా ఉంది!" ఇది ఆశ్చర్యార్థక వాక్యమే, ఉంచాను. "ఇక్కడికి రా!" ఇది విధి వాక్యం, ఆశ్చర్యం ఎక్కడుంది? మధ్యాహ్నానికి లెక్క చూస్తే రెండు మిగిలాయి. అయిదు తిరిగి ఇచ్చేస్తుంటే ఆయన ముఖం చూడాలి, జీతం ఎక్కువిచ్చిన ఓనర్ని చూసినట్టు చూశాడు. ఆ తర్వాత నారాయణగూడలో టైపు నేర్చుకోవడానికి పోతే అక్కడి ఇంగ్లీషు మిషన్‌లో అసలు ఆశ్చర్యార్థకానికి మీటే లేదు, అపాస్ట్రఫీ కొట్టి, వెనక్కొచ్చి, దాని కింద చుక్క కొట్టాలి. మూడు దెబ్బలు. మూడు దెబ్బల కష్టం పడదగ్గ ఆశ్చర్యం మనిషికి నెలకోసారి కూడా రాదు. నీ ఫోన్‌లో అది వేలి కింద ఉంది, నొక్కి పట్టుకుంటే వరసగా పడుతూనే ఉంటుంది, అదీ రోగం.

నీ కథలో తల్లి మాట్లాడిన ప్రతి మాటకీ అది ఉంది. "కమ్!" "ఈట్!" "డోంట్ గో!" తెలుగు వ్యాకరణంలో మనం వీటిని విధ్యర్థకం, నిషేధార్థకం, ప్రార్థనార్థకం అని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టాం, బళ్లో బట్టీ పట్టే ఉంటావు. ఇంగ్లీషు వాడు అన్నిటినీ ఇంపెరేటివ్ అనే ఒకే హాల్లోకి తోలి, మామూలుగా ఫుల్‌స్టాప్ పెట్టమన్నాడు. నువ్వు ఫుల్‌స్టాప్ పెట్టకపోయేసరికి మీ ఇల్లంతా పొద్దున్నుంచీ అరుపులే అన్నట్టుంది. ఆ తల్లి అరిచే మనిషి కాదని మూడో పేజీ చదివినవాళ్లకి తెలుసు, రాసిన నీకు తెలియదా?

మళ్లీ కోపమొస్తోంది, కాస్త ఆగుతాను. కారణం నువ్వు కాదు. 1987లో ఒక వారపత్రికలో నా కథ పడింది, ఆఖరి వాక్యం "తలుపు వేసుకున్నాడు." ఇంటికొచ్చిన సంచికలో చూస్తే "తలుపు వేసుకున్నాడు...!" అని ఉంది. ఆ రోజే బస్సెక్కి ఆఫీసుకు పోయాను. ఎడిటర్ గారు పాన్ నములుతూ, "పాఠకుడికి అందాలి కదండీ" అన్నారు. ఆయన పోయారు, పోయినవాళ్ల గురించి అనకూడదంటారు, నేను అంటాను. నా కథలో తలుపు మూసుకుంది, ఆయన మూడు చుక్కలతో దాన్ని కొంచెం తెరిచిపెట్టి ఆ సందులోంచి ఆశ్చర్యపడ్డారు. తర్వాత ఒకళ్లు వచ్చారు, గుర్తులే వద్దు, వాక్యం ప్రవాహంలా పోవాలన్నారు. ఇప్పుడు వాక్యానికో పేరా. పేరాకి ఒకే వాక్యం. ఇంకా నయం, ప్రతి ముక్కకీ డ్యాష్ కొట్టే జబ్బు నీకు అంటలేదు.

సరే, మూడో పేజీకి వద్దాం. నేనైతే ఇలా రాస్తాను:

"షీ కెప్ట్ ఆల్ ద జీరో టికెట్స్ ఇన్ ఎ బోర్న్‌వీటా డబ్బా. ఐ ఆస్క్‌డ్ హర్ వై. 'దే గేవ్ దెమ్ టు మీ,' షీ సెడ్."

నీ "నో" తీసేశాను. దాని గురించి రెండు రోజులు ఆలోచించాను, నవ్వకు. ఆమె తెలుగులో అన్నది "నాకిచ్చిండ్రు గద" అనే అయి ఉంటుంది. ఆ గదని ఇంగ్లీషులోకి తెద్దామని నువ్వు "నో" అన్నావు. పద్ధతి ప్రకారం పోతే దాని ముందు కామా, చివర ప్రశ్నార్థకం రావాలి, "దే గేవ్ దెమ్ టు మీ, నో?" అని. అలా రాసి చూశాను. చూడగానే ఆమె కూతురి ముఖంలోకి చూసి జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు అయిపోయింది. కానీ మన "కదా" అన్నిసార్లూ అడగదు. "నిన్న చెప్పాను కదా" అన్నప్పుడు మనం ఏమైనా అడుగుతున్నామా? అది మూసేసే మాట, ప్రశ్న వేషంలో ఉన్న ఫుల్‌స్టాప్. ఆశ్చర్యార్థకం పెడితే దబాయించినట్టు, చుక్కలు పెడితే కన్నీళ్లు పెట్టుకున్నట్టు. ఆమె రెండూ చెయ్యడం లేదు, కుట్టుమిషన్ మీద దారం తెంపినట్టు మాట తెంపింది. టికెట్ మీద సున్నా అని ఉంది, అయినా అది ఆమెకని కండక్టర్ చింపి ఇచ్చిన కాగితం. అందుకని ఆ ఇంగ్లీషులో "గద" పని మొత్తం ఫుల్‌స్టాప్‌కి అప్పజెప్పాను. (కొటేషన్ లోపల కామా ఎందుకైంది అంటావా, తర్వాత షీ సెడ్ ఉంది కాబట్టి. "షీ సెడ్" ముందుకు తెస్తే చివర ఫుల్‌స్టాపే పడుతుంది, నాకు అదే ఇంకా బాగుందనిపిస్తోంది ఇప్పుడు రాస్తుంటే. "షీ సెడ్, 'దే గేవ్ దెమ్ టు మీ.'" అవును, ఇదే ఉంచు.)

నీకు ఇది నచ్చకపోవచ్చు. నో ఉండాల్సిందే, మా అమ్మ గొంతు అందులోనే ఉంది అంటే, ఉంచుకో, కానీ దాని చివర ఏ గుర్తు పెడుతున్నావో, ఎందుకు పెడుతున్నావో నాకు రాయి.

మొత్తం కథ ఇప్పుడే పంపకు. మూడో పేజీ ఒక్కటి దిద్ది పంపు, చేత్తో రాసి పంపినా సరే. అందులో ఆశ్చర్యార్థకాలు ఏడు మించితే చదవను. "చాలా టికెట్లు" అన్నావు, డబ్బా ఇంట్లోనే ఉంటే ఎన్నో లెక్కపెట్టి ఆ సంఖ్య వెయ్యి. మామలు ఇద్దరే కదా?

ఉంటాను.